ట్రైనర్ తెలివి ఎంట్రీల లిస్టులో దొరుకుతుంది

గుర్రప్పందాల్లో ఏ ట్రైనర్ మంచోడు అని అడగ్గానే అందరూ ముందు స్ట్రైక్ రేట్ తీస్తారు, వంద రేసులకి ఎన్ని గెలిచాడు అని. నాకు ఆ నంబర్ మీద పెద్ద నమ్మకం లేదు. కోట్లు పోసి కొన్న గుర్రాలు స్టేబుల్ నిండా ఉన్నవాడికి శాతం బాగుండటంలో వింతేముంది చెప్పండి, అదే ఓ మోస్తరు గుర్రాలు కొన్ని పెట్టుకుని, ఒక్కోదానికి గెలిచే అవకాశం ఎక్కడుందో క్యాలెండరంతా గాలించి పట్టుకునేవాడు ఉంటాడు చూశారా, అసలు పనితనం అక్కడుంది. పోనీ నంబరే కావాలంటే ఆడ్స్‌తో, అంటే బెట్టింగ్ రేట్లతో పోల్చి చూడండి, మార్కెట్ అతని గుర్రాలకి ఇచ్చిన ఛాన్స్ కంటే అవి ఎక్కువ గెలుస్తున్నాయా, తక్కువా అని. అది కొంత నయం.

నేనైతే రిజల్ట్ కంటే ముందు ఎంట్రీలు చూస్తా. బ్రిటన్ ఫ్లాట్ రేసుల్లో, అంటే అడ్డంకులు దూకే పనిలేని రేసుల్లో, కొన్ని రోజుల ముందు ఎంట్రీ వేస్తారు, అంటే గుర్రం పేరు ఇస్తారు, తర్వాత రేసుకి 48 గంటల ముందు డిక్లరేషన్, ఇక దింపుతున్నాం అని ఖాయం చెయ్యడం. ఒకే గుర్రాన్ని ఒకే వారంలో రెండు మూడు చోట్ల ఎంటర్ చేసి చివరికి ఒక్కచోటే దింపుతారు కదా, ఆ వదిలేసినవి ఏంటో చూస్తే ట్రైనర్ బుర్రలో ఏం తిరిగిందో చాలావరకు తెలిసిపోతుంది.

సరిగ్గా 70 రేటింగ్ (గుర్రం సత్తాకి అధికారికంగా వేసే మార్కు) ఉన్న గుర్రం ఒకటి అనుకుందాం. హ్యాండిక్యాప్ అంటే రేటింగ్ ఎక్కువున్న గుర్రానికి ఎక్కువ బరువు పెట్టే రేసు. 70 వరకే రానిచ్చే హ్యాండిక్యాప్‌లో దింపితే పోటీ కాస్త తేలికే కానీ టాప్ వెయిట్, అంటే అందరికంటే ఎక్కువ బరువు, దీని నెత్తినే పడుతుంది. 75 వరకు రానిచ్చే దాంట్లో వేస్తే, పాయింటుకి ఒక పౌండు లెక్కన 75 గుర్రం కంటే 5 పౌండ్లు తక్కువ మోస్తుంది, కాకపోతే పక్కన పరిగెత్తేవి గట్టివి. కాగితం మీద రెండూ ఒకటే, బరువులు పెట్టేదే అందుకు. కానీ ఒళ్లున్న గుర్రం బరువుని లెక్క చెయ్యకపోవచ్చు, సన్నగా ఉండే ఫిల్లీకి (వయసులో ఉన్న ఆడ గుర్రానికి) అదే భారం అవ్వచ్చు, పైగా పై క్లాసులో మొదట్నుంచీ పేస్ (రేసు వేగం) గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి వెనకనుంచి వచ్చి చివరి 400 మీటర్లలో అందుకునే గుర్రానికి ఆ రేసే కలిసొస్తుంది. అలాంటి గుర్రాన్ని తీసుకెళ్లి, ముందుకెళ్లి లీడ్ చేసేవాళ్లే లేని నత్తనడక రేసులో పడేసి, తర్వాత "లక్ లేదు" అనే ట్రైనర్లుంటారు, వాళ్ల సంగతి వదిలేద్దాం. ఇంగ్లండ్‌లోని చెస్టర్ లాంటి చిన్న, గుండ్రటి ట్రాక్ మీద స్ప్రింట్‌లో (తక్కువ దూరం రేసులో) బయటి స్టాల్, అంటే బయటి వైపు స్టార్టింగ్ గేటు పడ్డాక గుర్రాన్ని వెనక్కి తీసేసుకున్నా నాకు మార్కులు పడతాయి.

గెలిచాక ఏం చేస్తాడనేది ఇంకో పరీక్ష. హ్యాండిక్యాపర్ (రేటింగులు వేసే అధికారి) రేటింగ్ పెంచేలోపు మళ్లీ దింపితే పెనాల్టీతో, అంటే గెలిచినందుకు పెట్టే అదనపు బరువుతో సరిపోతుంది, పెనాల్టీ 6 పౌండ్లు, పెరగబోయేది 9 అనుకోండి, 3 పౌండ్లు మిగిలినట్టే. కానీ గుర్రం అలిసిపోయుంటే ఆ 3 ఎందుకూ పనికిరావు.

పెద్ద గుర్రాల విషయంలో ధైర్యం అంటే చాలాసార్లు దింపకపోవడమే. ఐరిష్ గుర్రం సీ ద స్టార్స్‌ని చూడండి, 2009లో ఇంగ్లండ్‌లోని పెద్ద రేసులు గినీస్ (మైలు, అంటే దాదాపు 1600 మీటర్లు), ఎప్సమ్ డెర్బీ (2400 మీటర్లు) రెండూ కొట్టాక సొంతగడ్డ మీద ఐరిష్ డెర్బీ ఎదురుగా ఉంది, దేశమంతా ఎదురుచూస్తోంది, గ్రౌండ్ మెత్తగా ఉందని దాని ట్రైనర్ జాన్ ఆక్స్ దింపలేదు. వారం తిరక్కుండా 2000 మీటర్ల ఎక్లిప్స్ గెలిచింది, అక్కడ్నుంచి నెలకో గ్రూప్ వన్ (అన్నిటికంటే పై స్థాయి రేసు) చొప్పున గెలుస్తూ అక్టోబర్‌లో పారిస్‌లోని పెద్ద రేసు ఆర్క్ దాకా వెళ్లింది. ఐరిష్ డెర్బీ రోజు బురదలో ఒళ్లు హూనం చేసుకుని ఉంటే ఇదంతా జరిగేదా అని నా అనుమానం.

ఫ్రాంకెల్ అనే గుర్రం మీద మాత్రం ఇప్పటికీ వాదిస్తూనే ఉంటారు. తండ్రి గెలీలియో డెర్బీ విజేత, కాబట్టి 2011లో గినీస్ అయ్యాక డెర్బీకే వెళ్లాలి అన్నారు. ట్రైనర్ హెన్రీ సెసిల్ మైలు దగ్గరే ఉంచాడు. గినీస్‌లో మొదట్నుంచే దూసుకుపోయిన తీరు చూసినవాడెవడైనా అదే గుర్రాన్ని అయిదు వారాల్లో 2400 మీటర్లకి పంపుతాడా? 2012లో మళ్లీ మైలు దూరం రేసులే మూడు పెట్టి, గుర్రం నిమ్మళంగా పరిగెత్తడం నేర్చాక అప్పుడు యార్క్‌లో దాదాపు 2100 మీటర్లకి పెంచాడు, ఏడు లెంగ్తులతో (ఏడు గుర్రాల పొడవు తేడాతో) గెలిచింది. ఆర్క్‌కి తీసుకెళ్లలేదని సణిగేవాళ్లకి నా దగ్గర జవాబు లేదు, నాకూ చూడాలనే ఉండేది. కానీ పద్నాలుగుకి పద్నాలుగు గెలిపించినవాణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

ఒక చిక్కుంది, ఎంట్రీ వెనక ఓనర్ కూడా ఉంటాడు. పెద్ద మీటింగ్ రోజు సూటేసుకుని ప్యాడాక్‌లో (రేసుకి ముందు గుర్రాల్ని తిప్పి చూపించే చోట) నిలబడాలనే సరదా ఆయనది, దానికోసం పాపం గుర్రం తన స్థాయికి మించిన రేసులో చివర్న వస్తుంది. అందుకే ఒక్క వింత ఎంట్రీ చూసి ట్రైనర్‌ని తిట్టను, తర్వాతి రేసు చూస్తా. తిరిగి తన దూరానికి, తన క్లాసుకి దించాడంటే మొదటిది ఓనర్ ముచ్చటే అయ్యుంటుంది. దూరం, క్లాసు, బ్లింకర్లు (గుర్రం పక్కచూపుకి అడ్డుపెట్టే కళ్లగంతలు), జాకీ అన్నీ ఒకేసారి మార్చేశాడంటే మాత్రం ఏది పనిచేసిందో అతనికీ తెలీదు, మనకీ తెలీదు, ఆ గుర్రం గెలిచినా సరే ఆ క్రెడిట్ నేను ట్రైనర్‌కి ఇవ్వను.