అంచు దగ్గర దొరికిన అల

మంగళవారం, రాత్రి 11.

పొద్దున తొమ్మిదిన్నరకే ల్యాబ్‌లో కూర్చున్నాను. మళ్లీ థెమిస్ డేటానే. 2007 ఫిబ్రవరిలో నాసా ఒకే రాకెట్ మీద పంపిన ఐదు ఉపగ్రహాలు అవి. తర్వాత రెండింటిని చంద్రుడి దగ్గరికి మళ్లించారు, మిగతా మూడూ భూమి చుట్టూనే ఉండిపోయాయి. వాటి కొలతలు ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. మా హాస్టల్ నెట్‌తో మాత్రం కుదరదు.

నేను వెతికేవి పీసీ5 అలలు, అంటే భూమి అయస్కాంత క్షేత్రంలో నెమ్మదిగా వచ్చే ఊపులు. ఒక్క ఊపుకి రెండున్నర నుంచి పది నిమిషాలు పడుతుంది. క్షేత్రరేఖలు వీణ తీగల్లా కంపిస్తాయని అందరూ రాస్తారు. నాకు మాత్రం బట్టలారేసే తీగే గుర్తొస్తుంది. రెండు కొసలూ అయనోఆవరణంలో, అంటే వాతావరణం పైభాగంలో ఆవేశమున్న కణాల పొరలో, కట్టేసి ఉంటాయి, మధ్యలో ఊగుతుంది.

పదకొండింటికి దొరికింది! భూమి వ్యాసార్థానికి పది రెట్ల దూరంలో, పగటి వైపు, క్షేత్రం ఐదేసి నిమిషాలకోసారి పడి లేస్తోంది. సంబరంగా ఫైల్‌కి ‘ఫైనల్’ అని పేరు పెట్టేశాను. అప్పుడే అనుమానం రావాల్సింది. హైదరాబాద్ నేల మీద క్షేత్రం నలభై వేల నానోటెస్లాలు (క్షేత్రబలాన్ని కొలిచే ప్రమాణం) దాటుతుంది, అంత దూరంలో కొన్ని పదులే. అల అందులో ఐదో పదో కదుపుతుంది. ఇది ఏకంగా ముప్పై దాకా లాగేసింది.

జూనియర్ వెనక నుంచి చూసి, “అక్కా, డెన్సిటీ చూశారా?” అంది.

చూడలేదు. చూస్తే, క్షేత్రం పడిన ప్రతిసారీ ఘన సెంటీమీటరుకి ఒక్కటి కూడా లేని అయాన్లు పదిహేను దాటుతున్నాయి. అంటే అది బయట పోగుపడ్డ సౌరగాలి, సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం. అయస్కాంతావరణం (భూమి క్షేత్రం ఏలుబడిలో ఉన్న ప్రాంతం) అంచే ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉపగ్రహాన్ని కాసేపు బయట, కాసేపు లోపల ఉంచుతోంది. తలుపు రెక్క వచ్చిపోతుంటే ఇల్లే ఊగుతోందనుకున్నాను.

సార్ నవ్వారు. “ఒక్క ఉపగ్రహం మాటే వింటే ఇంతేనమ్మా.”

మెస్‌లో సాంబారు చల్లారిపోయింది. దాని గురించి రాయడం కూడా దండగ.

సాయంత్రం అదే సమయానికి ఇంకాస్త లోపలున్న రెండో ఉపగ్రహాన్ని తెరిచాను. డెన్సిటీలో ఆ గెంతులు లేవు. క్షేత్రంలో మాత్రం నాలుగు నానోటెస్లాల చిన్న ఊపు, అదీ ఐదు నిమిషాలకే. సౌరగాలి రాసుకుంటూ పోతే చెరువు మీద గాలికి లేచినట్టే అంచు మీద అలలు లేస్తాయి, అవి లోపలి రేఖల్నీ కదుపుతాయి. ఇదీ అదేనేమో. క్షేత్రం ఏ దిశల్లో ఊగుతోందో ఇంకా చూడాలి.

ఫైల్ పేరు ‘డౌట్’ అని మార్చి పడుకుంటున్నాను.