లారీ ట్యూబు మీద కూర్చుని గాలం వేసిన ఆదివారం

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మా నాయనమ్మ అనేది. ఈసారి చలి పోతూ పోతూ ఎండని కూడా కేకేసి మరీ పోయింది, బెజవాడలో పొద్దున తొమ్మిదింటికే వీపు చురుక్కుమంటోంది. కానీ నీళ్ళల్లోకి దిగే వాడికి మాత్రం ఈ మూడు నాలుగు వారాలే అసలు సీజను. వరద రోజుల్లో బురద బురదగా ఉరికే కృష్ణ ఇప్పుడు ప్రకాశం బ్యారేజీకి ఎగువన తేటపడి కదలకుండా పడుంటుంది, గేట్లు దించేసి 12 అడుగుల మట్టం దగ్గర నీళ్ళు ఆపుతారు కదా, 3 టీఎంసీల పైచిలుకు నీళ్ళు అటు ఇబ్రహీంపట్నం దాకా పరుచుకుని ఉంటాయి. పేరుకే నది, చూడ్డానికి చెరువే. ఒడ్డు పక్కన పల్లం నీళ్ళు ముందు వెచ్చబడతాయి, చలికాలమంతా లోతుల్లో బద్ధకంగా పడుకున్న చేప అక్కడికి మేతకొస్తుంది. ఏప్రిల్ దాటితే ఆ ఎండకి మనం ఉండలేం, చేప కూడా ఉండదు.

ఇదంతా సరే, ట్యూబు సంగతేంటంటే. మా బావమరిది అమెరికాలో స్పోకేన్ దగ్గరుంటాడు, అక్కడ సరస్సుల మీద మంచు కరిగిందో లేదో, వీడు ఒక గాలి సోఫా లాంటి దాంట్లో కూర్చుని కాళ్ళు నీళ్ళల్లో వేలాడేసి, కాళ్ళకి బాతు కాళ్ళలాంటి ఫిన్లు తొడుక్కుని సరస్సు మధ్యలోకి పోయి గాలం వేస్తాడు. ఫ్లోట్ ట్యూబు అంటారంట, బెల్లీ బోట్ అని కూడా అంటారు. ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయంటే ఛాతీ దాకా నియోప్రీన్ అనే మందపాటి రబ్బరు ప్యాంటు లేకపోతే పావుగంటలో కాళ్ళు మొద్దుబారిపోతాయి. "ఇది మిక్స్‌డ్ లేక్ బావా, ట్రౌటు పడొచ్చు, పెర్చ్ పడొచ్చు, బాస్ పడొచ్చు, దారం లాగేదాకా ఎవడొచ్చాడో తెలీదు" అని వీడియో కాల్‌లో చూపిస్తుంటే నాకు కడుపు మండిపోయింది. మన కృష్ణలో అంతకు రెండింతల రకాలున్నాయి కదరా, నేనేమో పదేళ్ళుగా ఒడ్డున రాయి మీద కూర్చుని బెండు వంక చూస్తూ కాళ్ళు తిమ్మిరెక్కించుకుంటున్నా.

అక్కణ్ణుంచి తెప్పిస్తే పార్శిల్ ఖర్చే తడిసి మోపెడవుతుంది. అయినా లారీ సామాన్లన్నీ దొరికే ఆటోనగర్ పక్కన పెట్టుకుని గాలి ట్యూబు అమెరికా నుంచి తెప్పించుకున్నాడంటే నవ్వరూ! వాళ్ళ ఫ్లోట్ ట్యూబులు కూడా మొదట్లో లారీ ట్యూబుకి గుడ్డ తొడుగు వేసి చేసుకున్నవేనంట. సరే అని పాత టెన్ ట్వంటీ సైజు లారీ ట్యూబు ఒకటి 500కి కొన్నా, ఒక చిన్న అతుకు ఉంది, పంచర్ షాపతను గాలి కొట్టి నీళ్ళ తొట్టిలో తిప్పి తిప్పి బుడగలు రాలేదని చూపించాడు. లారీ సీట్ కవర్లు కుట్టే ఆయన దగ్గర మందపాటి టార్పాలిన్‌తో తొడుగు కుట్టించా, మధ్యలో కూర్చోడానికి నైలాన్ బెల్టులు అడ్డంగా, కాళ్ళ మధ్య నుంచి ఒకటి నిలువుగా. వీపు వెనకాల ఆనుకోడానికి కారు ట్యూబు వేరే. ఇది దిండుగా పనికొస్తుందని కాదు, పెద్దది పోతే చిన్నదైనా పైన ఉంచుతుందని. కుట్టేటప్పుడు ఆయన "లారీ ఏ మోడలండీ" అని అడిగాడు, నేను చెప్పింది విని మిషను ఆపేసి నా మొహం కాసేపు చూసి మళ్ళీ తొక్కడం మొదలెట్టాడు.

మా ఆవిడ అయితే "నలభై ఏడేళ్ళొచ్చాయి, ట్యూబేసుకుని ఈతకి పోతాడంట" అని వాళ్ళ అక్కకి ఫోన్లో చెప్పుకుంది. అమ్మ మాత్రం నవ్వలేదు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయిన రోజు ఆవిడ టీవీ ముందు నుంచి లేవలేదు, ఇప్పటికీ నేను కృష్ణకి పోతున్నానంటే మొదట అడిగేది అదే, జాకెట్టు వేసుకున్నావా అని. వేసుకున్నా అమ్మా. ట్యూబు ఉంది కదా మళ్ళీ లైఫ్ జాకెట్ ఎందుకు అనుకునే వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే కింద దాకా చదవండి, మీకే తెలుస్తుంది.

ఆదివారం తెల్లారి ఐదింటికి బండి వెనకాల ట్యూబు కట్టుకుని బ్యారేజీ దాటి కరకట్ట ఎక్కా. బ్యారేజీకి దగ్గర్లో దిగే ఉద్దేశం నాకు అస్సలు లేదు, గేట్ల దగ్గర నీళ్ళతో ఆటలేంటి. ఉండవల్లి దాటి, వెంకటపాలెం కూడా దాటాక లంకకీ ఒడ్డుకీ మధ్య ఒక పాయ ఉంది, తుంగ, అక్కడక్కడా గుర్రపుడెక్క, నిలవ నీరు. అక్కడ వలలు విప్పుకుంటున్న ఒక పెద్దాయన్ని అడిగా, ఇక్కడ దిగొచ్చా బాబాయ్ అని. ఆయన నా వంక చూడలేదు, ట్యూబు వంక చూశాడు.

"లారీ ఎక్కడ పెట్టావు బాబూ?"

పక్కన థర్మాకోల్ ముక్కలు గోతాంలో కుక్కి కట్టిన ఆయన తెప్ప ఉంది. దాని మీద బాసింపట్టు వేసుకుని చిన్న తెడ్లతో నీళ్ళు తోసుకుంటూ పోతారు వీళ్ళు, ఎప్పట్నుంచో. నేనేదో కొత్త వింత మోసుకొచ్చానన్న గర్వం అక్కడే సగం దిగిపోయింది. వల ఎంతవరకు కట్టాడో వేలెత్తి చూపించి, ఆ వెదురు కర్ర దాటి రావద్దు, మిగతాదంతా నీ ఇష్టం అన్నాడు.

ఫిన్లు వేసుకున్నాక ముందుకి నడవలేం, నడిస్తే బోర్లా పడతాం, కాబట్టి పెళ్ళిలో వీడియో తీసేవాడిలా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ నీళ్ళల్లోకి దిగాలి. నడుము లోతు రాగానే బెల్టు మీద చతికిలబడితే ట్యూబు ఒకసారి మునిగినట్టు మునిగి పైకి లేచింది. ఇంకో తమాషా ఏంటంటే కాళ్ళు ఆడిస్తే ఇది వెనక్కే పోతుంది, ఎటు పోవాలో అటు వీపు తిప్పి పోవాలి. మొదటి పది నిమిషాలు గానుగెద్దులా ఒకే చోట తిరిగా. అక్వేరియం థర్మామీటరు ఒకటి దారానికి కట్టి దింపితే 25 చూపించింది, మా వాడి నియోప్రీన్ ప్యాంటు గుర్తొచ్చి నా పాత ట్రాక్ ప్యాంటు మీద ప్రేమ పుట్టింది.

ఒడ్డు మీద నుంచి చూసే కృష్ణ వేరు, ఇక్కడ కూర్చుని చూసేది వేరు. కళ్ళు నీళ్ళకి రెండడుగుల ఎత్తులో ఉంటాయి, తుంగ మొదళ్ళ దగ్గర పరిగెల గుంపు పక్కకి తిరిగినప్పుడల్లా వెండి గీతలు మెరవడం కనపడుతుంది, చేప నీళ్ళపైకొచ్చి గాలి మింగిన చప్పుడు చెవి పక్కనే వినపడుతుంది. ఇంజను లేదు, తెడ్డు లేదు, నేనొచ్చానని దేనికీ తెలీదు.

ముందు చిన్న గాలానికి ఎర్ర గుచ్చి వేశా. పరిగెలు. వరసగా ఏడు, అన్నీ వేలెడంత, బెండు ఇలా వేస్తే అలా మునుగుతోంది. తర్వాత చైనా గొరకలు నాలుగు, అదే తిలాపియా. ఎప్పుడో 1952లో మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు ఏ నీళ్ళల్లో గాలం వేసినా ముందు ఇదే పలుకుతుంది, తినడానికి బానే ఉంటుంది కానీ పడిందంటే మాత్రం మొహం వేలాడేస్తాం. గుర్రపుడెక్క అంచుకి రబ్బరు కప్ప విసిరి కొర్రమీను కోసం చూశా. రెండు సార్లు నీళ్ళు బుస్సుమని లేచాయి, రెండు సార్లూ తొందరపడి ముందే లాగేశా. కొర్రమీను కప్పని పట్టగానే లాగకూడదు, ఒకటి రెండు అంకెలు లెక్కపెట్టి లాగాలి అని ఎంతమందికి నేనే చెప్పానో.

తర్వాత లోతు వైపు జరిగి తవుడూ వేరుశనగ చెక్కా కలిపిన ముద్ద గాలానికి పెట్టా. బొచ్చె పైన మేస్తుంది, దాని మూతి చూడండి పైకి తిరిగి ఉంటుంది, రాగండి మధ్య నీళ్ళల్లో, ఎర్రమోసు అడుగున బురదలో. ఒకదాని మేతకి ఇంకోటి అడ్డం రాదనే చెరువుల్లో మూడూ కలిపి పెంచుతారు. ఒడ్డున కూర్చున్నప్పుడు ఏ లోతున వేయాలో అంచనా మీద వేసేవాణ్ణి, ఇక్కడ దారం సరిగ్గా నా కాళ్ళ కిందకే దిగుతోంది కాబట్టి అడుగు అడుగూ మార్చి చూడొచ్చు. ఆరడుగుల దగ్గర దొరికింది. రీలు ఒక్కసారి కీచుమని అరిచింది, నేను బ్రేకు బిగించా, దారం ఆగింది, కానీ నేను ఆగలేదు! ట్యూబుతో సహా నన్ను తిప్పేసి లంక వైపు లాక్కుపోవడం మొదలెట్టింది. ఒడ్డు మీదైతే కాలు తన్నిపెట్టి నిలబడతాం, ఇక్కడ తన్నిపెట్టడానికి ఏముంది, నీళ్ళు. పది నిమిషాల పైనే బండి అది, నేను ట్రైలరు. చివరికి అలిసిపోయి పక్కకి తిరిగింది, రాగండి, ఇంటికొచ్చి తూస్తే రెండుంపావు కేజీ. వెదురు కర్ర దాటలేదు, అది నా అదృష్టం.

అక్కడితో ఆపేసి ఉంటే ఈ కథ ఇంత పొడుగు ఉండేది కాదు.

తొమ్మిదిన్నర అయింది, పైరగాలి మొదలైంది. మా ఒడ్డు దక్షిణాన ఉంది కాబట్టి ఆ గాలి నన్ను మెల్లగా ఒడ్డు నుంచి అవతలికి తోస్తోంది, ఆఖరి గాలం వేసి పోదాంలే అనుకున్నా. ఎర్ర గుచ్చి అడుక్కి దింపితే టకటకమని లాగింది, పైకి తీస్తే జెల్ల, జానెడు పైనే ఉంది. దీన్ని చేత్తో పట్టిన వాళ్ళకి తెలుసు, పక్క రెక్కలకి ఒకటీ ఒకటీ, వీపు మీద ఒకటి, మూడు ముళ్ళు లేపి బిగించేస్తుంది, మళ్ళీ అది వదిలితే తప్ప మనం వంచలేం. పక్క ముళ్ళకైతే రంపం పళ్ళు కూడా ఉంటాయి. పైగా గురగురమని అరుస్తుంది. ఒడ్డున ఉంటే కాలితో తొక్కి పట్టి గాలం తీస్తా, అలవాటు. ఇక్కడ కాళ్ళు నీళ్ళల్లో ఉన్నాయి. దాన్ని ఒళ్ళోకి దింపి గుడ్డ కోసం పక్కకి తిరిగా, అంతే, అది ఒక్క గెంతు గెంతి ట్యూబు మీద అడ్డంగా పడింది, పడి మళ్ళీ గింజుకుంది.

ముందు నాకేం వినపడలేదు. గాలం తీసి సంచిలో వేసి రాడ్డు సర్దుకుంటుంటే ఎడమ తొడ దగ్గర ఎవరో పళ్ళ మధ్య నుంచి ఊదుతున్నట్టు సన్నగా సుయ్‌మంది. టార్పాలిన్ మీద చెయ్యి పెట్టి తడిమితే ఒక చోట వేలికి చల్లగా గాలి తగిలింది. బొటనవేలు దాని మీద నొక్కి పట్టుకుని, ఒక చేత్తో రాడ్డు, ఎదురుగాలి, వెనక్కి తన్నడం. ఒడ్డు ఒక వంద గజాలుంటుందేమో, పావుగంట పట్టింది. ఎడం పక్క ట్యూబు మెత్తబడి నేను వాలిపోయి కూర్చున్నా, నీళ్ళు నడుము దాటి పైకొచ్చాయి. వీపు వెనక కారు ట్యూబు, ఒంటి మీద జాకెట్టు, ఈ రెండూ ఉన్నాయి కాబట్టి భయం కంటే సిగ్గే ఎక్కువేసింది, ఎందుకంటే పెద్దాయన తెప్ప మీద కూర్చుని బీడీ కాలుస్తూ మొదట్నుంచీ చూస్తున్నాడు. ఇంకో ఇరవై గజాలుందనగా తాడు విసిరి లాగాడు.

"జెల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారా బాబూ ఎవరైనా."

రెండు గొరకలు ఇవ్వబోతే వద్దన్నాడు, అవి తన వలలో కావలసినన్ని ఉన్నాయంట. రాగండిని ఒకసారి చేత్తో ఎత్తి చూసి, పర్లేదులే అన్నట్టు తలూపి సంచిలో వేశాడు.

ఇంటికెళ్ళాక పరిగెలు వేపుడు, రాగండి పులుసు. పచ్చి మామిడికాయలు అప్పుడే మార్కెట్లోకి దిగాయి, చింతపండు తగ్గించి రెండు పుల్ల ముక్కలు వేసింది మా ఆవిడ, ట్యూబు గురించి ఆ పూట ఇంకేం మాట్లాడలేదు. జెల్లని మాత్రం బూడిద వేసి రుద్ది శుభ్రం చేసే డ్యూటీ నాకే వేసింది, అప్పుడు చూశా, ఒక పక్క ముల్లు కొస లేదు.

సోమవారం ట్యూబు తీసుకుని మళ్ళీ ఆ పంచర్ షాపుకే పోయా. ఈసారి టార్పాలిన్ మీద ఇంకో పొర, పాత కన్వేయర్ బెల్టు ముక్క ఒడి దగ్గర కుట్టించాలి, సంచి బదులు పక్కన వేలాడే వల బుట్ట పెట్టాలి, ముళ్ళ చేప పడితే గాలం నీళ్ళల్లోనే తీసెయ్యాలి అని నేను లెక్కలేసుకుంటుంటే ఆయన తొట్టిలో ట్యూబు తిప్పి బుడగ దగ్గర చాక్‌పీసుతో గుండ్రంగా గీశాడు.

"ఏం గుచ్చుకుంది సార్, మేకా?"

"కాదు. జెల్ల ముల్లు."

రబ్బరులోంచి పట్టకారతో దాన్ని పీకి, బియ్యపు గింజంత ఉంది, అరచేతిలో వేసుకుని వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూశాడు. ముప్పై ఏళ్ళుగా పంచర్లు వేస్తున్నా ఇది ఎప్పుడూ చూడలేదన్నాడు. డబ్బులు మాత్రం మేకు రేటే తీసుకున్నాడు.