తడిసిన రాళ్ల వీధి

మ్యూనిక్ నుంచి వియన్నాకి రైల్లో నాలుగు గంటలు. దారి పొడవునా మా చెల్లికి సినిమా కథ చెబుతూనే ఉన్నాను, ఆఖరి సీను ఒక్కటి దాచి. తను వియన్నా ఇంతకుముందే చూసింది. రాజభవనాలు, ఆపెరా హౌస్, కేకులు అన్నీ అయిపోయాయి. "అక్కా, నిజంగా ఆ పాత సినిమా కోసమేనా హైదరాబాద్ నుంచి ఇంత దూరం వచ్చావు?" అని అడిగింది. అవును, దానికోసమే. 'ది థర్డ్ మ్యాన్'. 1948 చివర్లో యుద్ధం కూల్చిన వియన్నాలో తీశారు, 1949లో విడుదలైంది. దర్శకుడు కరోల్ రీడ్. కెమెరామన్ రాబర్ట్ క్రాస్కర్‌కి ఈ సినిమాతోనే ఆస్కార్ వచ్చింది. నేరం, చీకటి, నీడలతో నడిచే ఫిల్మ్ నోయిర్ సినిమాలంటే ఏమిటని ఎవరడిగినా నేను ముందు ఈ సినిమా చూడమంటాను.

అక్టోబర్ చివరి శుక్రవారం. హోటల్లో సామాన్లు పడేసి నేరుగా బుర్గ్ కీనో థియేటర్‌కి వెళ్లాం. ఆపెరాకి దగ్గర్లో ఉన్న ఆ పాత థియేటర్లో ఈ సినిమాని ఇప్పటికీ వారం వారం వేస్తుంటారు. లైట్లు ఆరాక తెర నిండా తీగలు కనిపిస్తాయి, ఎవరో మీటుతున్నట్టు అవి అదురుతుంటాయి. అది జితార్ అనే వాద్యం. బల్ల మీద పెట్టుకుని మీటుతారు. వియన్నా వైన్ దుకాణాల్లో వాయించుకునే ఆంటోన్ కారాస్‌ని రీడ్ విని, లండన్ తీసుకెళ్లి సినిమా మొత్తానికీ సంగీతం అతనితోనే చేయించాడు. నేపథ్యంలో ఆర్కెస్ట్రా లేదు.

నేను ఆ సంగీతం ఎన్నోసార్లు విన్నాను గానీ, థియేటర్లో విన్నప్పుడే దాని సంగతి అర్థమైంది. తెర మీద కూలిన ఇళ్లు, శవపేటిక, అబద్ధాలు చెప్పే మనుషులు. వెనక మాత్రం పండగ పూట వాయించినంత హుషారైన పాట. భయపెట్టాలని భయపెట్టే సంగీతం పెడితే మనం ముందే సర్దుకుని కూర్చుంటాం. ఇక్కడ ఆ అవకాశం లేదు. కన్ను చూసేదానికీ చెవి వినేదానికీ పొంతన కుదరక కడుపులో ఏదో టెన్షన్ మొదలవుతుంది.

ఇంకోటి కూడా గమనించాను. సినిమాలో జర్మన్ మాటలకి అనువాదం వేయరు. అమెరికా నుంచి వచ్చిన హీరోకి ఆ భాష రాదు, కాబట్టి మనకీ అర్థం కాకూడదు. ఇంటావిడ అరుస్తుంటే మా చెల్లి నా చెవిలో, "ఆవిడ ఏమంటోందంటే..." అని మొదలుపెట్టింది. వద్దని చెయ్యి పట్టుకుని ఆపాను. భాష వచ్చిన తనకి ఆ సీన్లు మామూలు గొడవల్లా అనిపించాయట. నాకు మాత్రం ప్రతి గొంతూ బెదిరింపులాగే వినిపించింది.

బయటికి వచ్చేసరికి సన్నగా వాన. గొడుగు ఒక్కటే ఉన్నా, ష్రేఫోగెల్‌గాస్సె అనే చిన్న వీధికి నడిచాం. అక్కడ 8వ నంబర్ ఇంటి తలుపు దగ్గరే, హీరో స్నేహితుడు, చనిపోయాడనుకున్న హ్యారీ లైమ్ కనిపిస్తాడు. ముందు ఒక పిల్లి వచ్చి చీకట్లో ఎవరి బూట్లకో రాసుకుంటుంది. హీరో రోడ్డు మీద నిలబడి అరుస్తాడు. ఆ అరుపులకి విసుక్కుని పైన ఎవరో లైటు వేస్తారు, ఆ వెలుతురు నేరుగా హ్యారీగా వేసిన ఆర్సన్ వెల్స్ మొహం మీద పడుతుంది. కిటికీ మూసేయగానే మళ్లీ చీకటి, ఆ తర్వాత పరిగెత్తే అడుగుల చప్పుడు. వీధంతా చీకటిగా ఉంచి, ఒక్క మొహానికే వెలుగిచ్చాడు క్రాస్కర్. నోయిర్ లైటింగ్ అంటే లైట్లు తగ్గించడమని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో అది వెలుగుని పిసినారిలా ఖర్చు పెట్టడం. ఉన్న ఆ కాస్త వెలుగునీ కథకి ఎక్కడ అవసరమో అక్కడే వాడతారు.

వాన నీళ్లకి రాళ్లు మెరుస్తున్నాయి. పొడిగా ఉన్న రాయి వెలుగుని మింగేస్తుంది, తడి రాయి అద్దంలా తిప్పి పంపుతుంది. అందుకే షూటింగ్‌లో ఫైర్ ఇంజిన్ల వాళ్లతో వీధులు తడిపించారు. ఆ రాత్రి మాకు ఆ పని వానే చేసి పెట్టింది.

గోడల మీద పరిగెత్తే ఆ పెద్ద నీడ గురించి చెల్లి అడిగింది. అది వెల్స్‌ది కాదు. అతను ఇంకా వియన్నా చేరకపోవడంతో సహాయ దర్శకుడు గై హామిల్టన్ పెద్ద కోటు, టోపీ వేసుకుని పరిగెత్తాడు. "నాయనమ్మ ఇంట్లో కరెంటు పోయినప్పుడు హరికేన్ లాంతరు నేల మీద పెట్టేవాళ్లు, గుర్తుందా?" అన్నాను. లాంతరు పక్కనుంచి నడిస్తే మన నీడ వాసాలదాకా లేచేది, గోడ దగ్గరికి పోయేకొద్దీ మనంత అయిపోయేది. దీపం కిందుగా, మనిషి దీపానికి దగ్గరగా, గోడ దూరంగా. అంతే కిటుకు. చిన్నప్పుడు మేమిద్దరం ఆ నీడలకి భయపడి ఒకే దుప్పట్లో దూరేవాళ్లం.

శనివారం కాలువల టూర్. కార్ల్స్‌ప్లాట్స్ దగ్గర పార్కులో నేలలోంచి ఇనుప రేకులు పువ్వులా విచ్చుకుంటాయి, హెల్మెట్ పెట్టుకుని కిందికి దిగాలి. 1830ల్లో కలరా వచ్చాక వీన్ నది వెంట కట్టిన మురుగు కాలువలతో ఇక్కడి కథ మొదలైందట. సినిమాలో హ్యారీ కోసం పోలీసుల ఆఖరి వేట జరిగేది ఈ భూగర్భంలోనే. అక్కడ జితార్ ఆగిపోతుంది. నీళ్ల హోరు, బూట్ల చప్పుడు, ఈలలు, కేకలు, అంతే. కింద నిలబడితే ఎందుకో తెలిసింది. గైడ్ నాలుగు గజాల దూరంలో మాట్లాడుతుంటే గొంతు నా వెనక నుంచి వచ్చినట్టుంది. ఆ కమానుల కింద శబ్దం ఎటు నుంచి వస్తోందో చెప్పలేం. పారిపోయేవాడికి ప్రతి సొరంగంలోంచీ పోలీసులే వస్తున్నట్టు ఉంటుంది. వాసన గురించి చెప్పను.

ప్రాటర్ పార్కులో 1897 నాటి జెయింట్ వీల్ కూడా ఎక్కాం. క్యూ పెద్దది, పైనుంచి మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు.

పగటి వెలుతురులో అవే వీధులు మళ్లీ చూస్తే ఒకటి తేలింది. వియన్నా ఎక్కడా వంకరగా లేదు. వంచింది కెమెరా. ఈ సినిమాలో ఎన్నో షాట్లు పక్కకి ఒరిగి ఉంటాయి. గుమ్మాలు, మెట్లు, మనుషులు అందరూ జారిపోతున్నట్టు. డచ్ యాంగిల్ అంటారు దీన్ని. ఇది చూసి హాలీవుడ్ దర్శకుడు విలియం వైలర్, కెమెరా మీద పెట్టుకోమని రీడ్‌కి మేస్త్రీలు వాడే రసమట్టం పంపాడని చెబుతారు. నాకు మాత్రం ఆ వంకర అతి అనిపించదు. ఎవర్ని నమ్మాలో తెలియని ఊళ్లో నేల సమంగా ఎలా ఉంటుంది?

ఆదివారం పొద్దున 71వ నంబర్ ట్రామ్‌లో సెంట్రల్ సెమెటరీకి వెళ్లాం. ఎవరైనా పోతే '71 ఎక్కాడు' అనడం వియన్నాలో అలవాటు. చెట్ల మధ్య పొడుగాటి దారి, కింద పసుప్పచ్చని ఆకులు. ఆఖరి షాట్ ఇలాంటి దారి మీదే. పగటి వెలుగు, నీడల ఆట లేదు. అంతసేపూ ఒరిగిన కెమెరా ఇక్కడ నిటారుగా, కదలకుండా నిలబడుతుంది. దూరం నుంచి కథానాయిక ఆలిడా వల్లీ నడుచుకుంటూ వస్తుంది. నిమిషం దాటినా కట్ లేదు. ఎదురుచూస్తున్న హీరో జోసెఫ్ కాటన్‌ని చూడనైనా చూడకుండా దాటి వెళ్లిపోతుంది. కథ రాసిన గ్రాహం గ్రీన్ వాళ్లిద్దర్నీ కలపాలనుకున్నాడు, రీడ్ ఒప్పుకోలేదు. రీడే సరి అని గ్రీన్ తర్వాత రాశాడు.

నేను దారి పక్కన నిలబడి, చెల్లిని దూరం వెళ్లి నడిచి రమ్మన్నాను. ముందు చుక్కలా ఉంది, తర్వాత ఎర్ర మఫ్లర్ కనిపించింది, ఆ తర్వాత ఆకుల మీద బూట్ల చప్పుడు. దగ్గరికొచ్చాక నవ్వుతుందనుకున్నాను. కళ్లు తిప్పకుండా నా పక్కనుంచే నడిచి వెళ్లిపోయింది. ఆ చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా నేను అక్కడే నిలబడ్డాను.