పిండి రాలుతోంది, చూడు

“నువ్వు మరీ కష్టపడుతున్నావు” అన్నాడు పెద్దాయన. మన దగ్గర ఈ మాట వెనకాలే మజ్జిగ గ్లాసు వస్తుంది, లేకపోతే “కాసేపు కూర్చో నాయనా” అన్న మాటైనా వస్తుంది. ఈయన నా చేత చైన్‌సా ఆపించి, దుంగ కింద రాలిన పొట్టు గుప్పెడు తీసి నా అరచేతిలో పోశాడు. “ఇది పిండి. రంపం కోస్తే పెచ్చులు రాలాలి. పిండి రాలుతోందంటే నువ్వు కోయడం లేదు, రుద్దుతున్నావు” అని వెళ్ళిపోయాడు.

నేను పనిచేసేది ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రం ఉత్తర భాగాన ముర్రే నదికి దగ్గర్లో ఉన్న ఒక కట్టెల అడితిలో. చదివింది అకౌంటింగు. నగరానికి దూరంగా పనిచేస్తే వీసాకు కలిసొస్తుందని ఇటు వచ్చాను, ఆ కథ మీలో చాలామందికి తెలిసిందే. మేము కోసేది రెడ్ గమ్. ప్రపంచంలోకెల్లా పెద్ద రెడ్ గమ్ అడవి, బార్మా, ఈ నది ఒడ్డునే ఉంది. మన జామాయిల్ తోటల్లో పెంచే క్లోన్లకు మూలమైన జాతుల్లో ఇదీ ఒకటని తెలిసినప్పుడు, జామాయిలే కదా అనుకున్నాను. అక్కడే పొరబడ్డాను. మనం నాలుగేళ్ళకే కొట్టి, పచ్చిగా ఉండగానే కాగితం మిల్లుకు తోలేస్తాం. ఇక్కడ అడితికి వచ్చేవి పొలాల్లో ఎన్నో ఏళ్ళు నిలువునా ఎండిన మాన్లు. ఎండిన రెడ్ గమ్ ఘనమీటరు దాదాపు 900 కిలోలు తూగుతుంది. మన టేకు 650 దరిదాపుల్లోనే ఉంటుంది. ఆపైన బెరడు పగుళ్ళలో ఇసుక, కంచె గుంజలైతే లోపల పాత మేకులు.

ఆ రోజు నాకు కోపం వచ్చిన మాట నిజం. పొద్దున్నుంచి పెట్రోలు పోయడానికి తప్ప ఆగలేదు. నాతో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళు ట్యాంకు అయిపోయినప్పుడల్లా బండి వెనక కూర్చుని ఆకురాయితో రంపం పళ్ళకు పదును పెడుతూ కబుర్లు చెప్పుకుంటారు. దాన్ని నేను పని ఎగ్గొట్టడంగా లెక్క వేసుకున్నాను. చేతులు బొబ్బలెక్కేలా రంపాన్ని అదిమి పట్టి కోసినవాడికి మాట, కూర్చున్నవాళ్ళకు ఏమీ లేదు!

రాత్రి పడుకున్నాక కూడా అదే ఆలోచన. నేను ఎందుకు కూర్చోలేదు? కూలి పనిలో కూర్చున్నవాడి మీద మేస్త్రీ కన్ను పడుతుందని చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. పైగా మా ఊళ్ళో పదును పెట్టేది ఒకరు, కొట్టేది ఇంకొకరు. మా గొడ్డలి కమ్మరి కొలిమికి వెళ్ళేది, నాగలి వడ్రంగి ఇంటికి వెళ్ళేది, పంట ఇంటికొచ్చాక గింజలు కొలిచి ఇచ్చేవాళ్ళం. ఆకురాయి నా చేతికి రావలసిన అవసరం రాలేదు, అంతే తప్ప చేతకానివాణ్ణి కాదు. ఇదంతా పెద్దాయనకు చెప్పాలని ఇంగ్లీషులో మనసులోనే పేర్చుకున్నాను. ఎలా పేర్చినా సాకులాగే వినిపించింది.

మర్నాడు నా టిఫిన్ డబ్బా మీద గుండ్రటి ఆకురాయి ఒకటి పెట్టి ఉంది. 5.5 మిల్లీమీటర్లది, చెక్కపిడి బాగా అరిగిపోయి ఉంది. ఆయన సొంతది.

నేర్పడం మాత్రం పది నిమిషాలే. ఆకురాయి ముందుకు తోసేటప్పుడే అరగదీస్తుంది, వెనక్కి తెచ్చేటప్పుడు పైకెత్తాలి. రంపంలో తిరిగే గొలుసు మీది ఒక్కో పంటికి రెండు మూడు తోపులు చాలు. గట్టి కర్రకు కోణం 30 డిగ్రీలు కాక 25 దగ్గర ఉంటే అంచు త్వరగా విరగదు. ఇంత ఎండిన, ఇసుక పట్టిన కర్రకు చురుకైన మూల ఉన్న పళ్ళ గొలుసు కాక, కాస్త మూల గుండ్రంగా ఉన్నది వేయమన్నాడు. అది నెమ్మదిగా కోసినా పదును ఎక్కువసేపు నిలుపుతుంది. ప్రతి పంటి ముందూ ఒక చిన్న మెట్టు ఉంటుంది. పన్ను ఒక్కసారికి ఎంత మందాన కొరకాలో అదే నిర్ణయిస్తుంది. పంటి కంటే అది 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉంటే సరి. నేను ఉత్సాహం కొద్దీ ఇంకా అరగదీశాను. ఇక చూడండి, రంపం కర్రను పట్టుకుని నా మీదికి ఎగిరింది! ఆ గొలుసు పెద్దాయన చెత్తబుట్టలో వేశాడు, మాట మాత్రం అనలేదు. అననందుకే ఎక్కువ గుచ్చుకుంది.

తర్వాత కోత వంకర పోయింది. కుడిచేతి వాటం కదా, ఒక వైపు పళ్ళు బాగా అరిగి, రెండో వైపువి పొడుగ్గా మిగిలాయి. అన్నిటికంటే పొట్టి పంటిని వెతికి, మిగతావన్నీ దాని పొడవుకు తేవడానికి ఒక సాయంత్రం పట్టింది. మరోరోజు పొగ వచ్చి గొలుసు నీలంగా మారింది. చూస్తే బార్‌లో, అంటే గొలుసు చుట్టూ తిరిగే ఇనుప పట్టీలో, నూనె రంధ్రం పొట్టుతో మూసుకుపోయి ఉంది. ఇప్పుడు పని మొదలుపెట్టే ముందు బార్ కొనను తెల్లటి మొద్దు ముందు పట్టి రేజ్ చేస్తాను. నూనె గీత పడితేనే కోతకు దిగుతాను. వేడి మీద సాగిన గొలుసును బిగించి అలాగే భోజనానికి వెళ్ళకూడదన్నది కూడా నా అనుభవమే. చల్లారి ముడుచుకుని బార్‌ను గట్టిగా పట్టేసింది.

ఇప్పుడు ట్యాంకు అయిపోతే నేనూ కూర్చుంటాను. ఐనా అడితి యజమాని బండి లోపలికి వస్తే ఒళ్ళు దానంతట అదే లేవబోతుంది. ఆయన చెయ్యి ఊపి వెళ్ళిపోతాడు. మా ఊరి మేస్త్రీ ఇంకా నా వెన్నులోనే ఉన్నాడు.

మొన్న భోజనం వేళ నాన్న వీడియో ఫోను చేశారు. అక్కడ పొద్దున కాఫీ సమయం. మొద్దు మీద కూర్చుని గొలుసు పట్టుకున్న నన్ను చూసి, “ఏమిటిరా, ఈ రోజు పని లేదా?” అన్నారు.

గొలుసుకు 36 పళ్ళు. ఒక వైపువి 18 పూర్తయ్యాయి.

“ఉంది నాన్నా, ఇంకా సగం మిగిలింది” అని రంపాన్ని రెండో వైపుకు తిప్పుకున్నాను.