మీటరుకి మెమరీ ఉంటుందని మర్చిపోయాను

నాకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. అందులో మొదటి ఏడేళ్లూ ఇంట్లో దొంగలాగే బతికాను.

వేలికి సూది గుచ్చుకున్నానో లేదో, పక్కగదిలోంచి మా ఆవిడ గొంతు వినిపించేది: "ఎంతొచ్చింది?" కాస్త ఎక్కువొచ్చిందా, ముందురోజు నుంచి ఏమేం తిన్నానో విచారణ మొదలు. ఆవిడది భయమేనని తెలుసు. అయినా ప్రతి ముద్దకీ సంజాయిషీ చెప్పుకోవాలంటే ఒళ్లు మండేది. అందుకే 212 వస్తే 130 అనేవాణ్ణి. ఒకరోజు మా అమ్మాయి మీటర్ చేతిలోకి తీసుకుని, బటన్ నొక్కుతూ పాత రీడింగులన్నీ చూసేసింది. ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

మీటర్ సంగతి దాచొచ్చు గానీ హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష దగ్గర మన ఆటలు సాగవు. ఎర్ర రక్తకణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి. వాటికి అంటుకున్న గ్లూకోజ్‌ని బట్టి రెండు మూడు నెలల బండారం బయటపడుతుంది. నాది 8.9. చాలామందికి 7 లోపు ఉంటే మంచిదంటారు. డాక్టర్ గారు మందు మార్చి, మా ఆవిడని లోపలికి పిలిచి, "ఎంతొచ్చిందని అడగడం మానేయండమ్మా, ఆయనతో పాటు నడవండి" అన్నారు.

ఆ రాత్రి నుంచి భోజనం కాగానే ఇద్దరం పావుగంట నడుస్తున్నాం. నడిచేటప్పుడు కండరాలు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్‌ని లాక్కుంటాయి. అదంతా సరే, నేను బద్ధకిస్తే ఆవిడ చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడుతుంది చూడండి, నాకు అసలు మందు అదే. నాకొక్కడికే వేరే వంట చేయడం కూడా మానేసింది. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ ఒకటే వంట. రీడింగులు నేనే నోట్‌బుక్‌లో రాస్తాను, నిజమైనవే.

పోయిన నెల గ్లిమెపిరైడ్ (షుగర్ తగ్గించే మాత్ర) వేసుకుని, ఫోన్ మాటల్లో పడి భోజనం ఆలస్యం చేశాను. చేతులు వణుకు, ఒళ్లంతా చెమటలు. చూస్తే 62. 70 కంటే తగ్గితే ఆగకూడదు. ఆవిడ నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, గడియారం చూసుకుంటూ పావుగంట పక్కనే కూర్చుని, మళ్లీ వేలు గుచ్చింది. 94. నా చేత భోజనం చేయించాక, అప్పుడు మొదలుపెట్టింది తిట్లు. తలొంచుకుని వినడం తప్ప ఏం చేయను, తప్పు నాదే.

మొన్నటి టెస్టులో 7.3 వచ్చింది. కాగితం చూసి ఆవిడ ఏదో అడగబోయి, నోరు మూసుకుంది. నేను చూశాను.