పాత సామాన్ల కథలకు మా ఊరి పాఠకులు వేసిన ప్రశ్నలు

చెత్త ఏరుకునేవాళ్లు, పాత ఇనుము కొనేవాళ్లు ప్రధాన పాత్రలుగా ఉన్న సైన్స్ ఫిక్షన్ కథలను కొంతకాలంగా మా అనంతపురం మిత్రబృందంలో చదివి వినిపిస్తున్నాము. అన్నీ మిత్రులు రాసినవే, ఇంకా అచ్చుకెక్కనివే. కథల మంచిచెడ్డలకంటే, విన్నవాళ్లు వాటిని అందుకున్న తీరు నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తోంది. నిత్యం కథలు చదివే అలవాటున్నవారు మెచ్చుకున్నచోటనే గుజిరీ అంగళ్లలో పనిచేసేవారు అభ్యంతరం చెప్పారు. ఈ రకం కథలు బలపడాలంటే రచయితలు ముందుగా చెవిన పెట్టవలసింది ఆ అభ్యంతరాలనే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మొదటి కథలో ఒక యువకుడు చిన్న నౌకలో భూమి చుట్టూ తిరుగుతూ, పనిచేయని ఉపగ్రహాలను పట్టుకొచ్చి అమ్ముకుంటుంటాడు. చివరికి ఒక ఉపగ్రహంలో అతనికి ఎవరూ ఊహించని రహస్యం దొరుకుతుంది. ఆ ముగింపు కళాశాల విద్యార్థులకు బాగా నచ్చింది. అయితే పాతూరులో ఎన్నో ఏళ్లుగా గుజిరీ అంగడి నడుపుతున్న ఒక పెద్దాయన రహస్యాన్ని పక్కన పెట్టి, "అది ఎవురిదప్పా? ఆ పిల్లోడు ఊరికే ఎత్తుకొచ్చుకుంటే దొంగసొత్తు అయితాది కదా! కొన్నోడు కూడా స్టేషన్ మెట్లు ఎక్కాల్సిందే" అన్నారు. తన అంగడికి మోటారో, రాగి తీగో వచ్చినప్పుడు ఆయన మొదట చూసేది సరుకును కాదు, తెచ్చినవాడి ముఖాన్ని.

ఆయన అడిగినది అంతరిక్ష న్యాయంలో అతి కీలకమైన ప్రశ్న. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం, నింగిలోకి పంపిన వస్తువుపై యాజమాన్యం అది అక్కడికి చేరినంత మాత్రాన మారదు, దానిపై అధికారం దాన్ని నమోదు చేసుకున్న దేశానికే ఉంటుంది. పనిచేయడం మానేసిందన్న కారణంతో అది ఎవరికి దొరికితే వారి సొంతమైపోదు. అలాగని అక్కడ పాత సామాన్ల వ్యాపారం జరగనే లేదని కూడా అనలేము. 1984లో తప్పుడు కక్ష్యలో చిక్కుకుపోయిన పాలపా బి2, వెస్టార్ 6 అనే రెండు ఉపగ్రహాలను అదే ఏడాది నవంబరులో డిస్కవరీ షటిల్ వ్యోమగాములు పట్టి భూమికి తెచ్చారు. అప్పటికే బీమా సొమ్ము చెల్లించిన సంస్థలు వాటికి యజమానులయ్యాయి. బాగుచేసిన తర్వాత ఆ రెండూ 1990లో మళ్లీ కక్ష్యకు వెళ్లాయి. ఈ సంగతి చెప్పినప్పుడు పెద్దాయన ముఖం వికసించింది. "అట్ల చెప్పు, లెక్క ఉంది" అన్నారు. బీమా, బేరం, మరమ్మతు అన్నీ ఉన్న ఈ నిజ సంఘటన ముందు, రహస్యం దొరకడం అనే మలుపు నాకు చాలా పలచగా కనిపిస్తోంది.

ఇంజనీరింగ్ చదువుతున్న ఒక అమ్మాయి ఖర్చు విషయం లేవనెత్తింది. భూమికి దగ్గరి కక్ష్యల్లో వస్తువులు సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో తిరుగుతాయి కనుక, ఒకదాన్ని పట్టుకుని, వేరే కోణంలో వంగిన కక్ష్యలో తిరిగే మరొకదాని దగ్గరకు వెళ్లడానికి విపరీతంగా ఇంధనం కావాలి. అలాంటప్పుడు అమ్మకం ధర ఇంధనానికే చాలదని ఆమె వాదన. మరి అంత ఖర్చుపెట్టి ఎందుకు తేవాలి? 2009 ఫిబ్రవరి 10న పనిచేస్తున్న ఇరిడియం 33 ఉపగ్రహాన్ని పనిచేయని కాస్మోస్ 2251 ఉపగ్రహం ఢీకొని, వేల ముక్కలు కక్ష్యల్లో చెల్లాచెదురై మిగతా ఉపగ్రహాలకు ముప్పుగా మారాయి. కాబట్టి అక్కడ పాత సామాను ఏరేవాడికి ఆదాయం సరుకు నుంచి రాదు, దారి శుభ్రం చేసినందుకు ఎవరో ఇచ్చే కూలి నుంచి వస్తుంది. ఈ ఒక్క మాటతో ఆ యువకుడు నిధి వెతికేవాడుగా కాక పారిశుద్ధ్య కార్మికుడుగా మారిపోతాడు. కథను అక్కడి నుంచి తిరగరాయాలని ఆమె కోరింది, నేనూ అదే కోరుతున్నాను.

రెండో కథ ఎలక్ట్రానిక్ చెత్తను వేరుచేసే యంత్రం గురించినది. అందులోని చెత్త కొండలు అతిశయోక్తి అని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు అన్నారు గానీ, 2022లో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులనీ, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైనది 22.3 శాతమేననీ ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది.

ఆ కథ విన్న మర్నాడు పెద్దాయన నన్ను అంగడికి పిలిచి, ఒకేలా తెల్లగా మెరుస్తున్న రెండు పాత కుళాయిలను ముందు పెట్టారు. స్పీకరులోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతాన్ని దగ్గరకు తెస్తే అది రెండింటికీ అంటుకోలేదు. ఆకురాయితో ఒక్కో అంచును గీకితే ఒకదాని లోపల పసుపు రంగు బయటపడింది, రెండోది లోపలా తెల్లగానే ఉంది. మొదటిది ఇత్తడి. రెండోది చౌక మిశ్రమ లోహం. చూపు, చెయ్యి, అనుమానం కలిసిన ఆ నేర్పు కథలో యంత్రానికి ఒక్క వాక్యంలో వచ్చేసిందని ఆయన బాధ. అంగడి వెనక తీగల పైపూతను కత్తితో ఒలుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు మా మాటలు వింటూనే ఉన్నారు. తీగలను కాలిస్తే పని త్వరగా అవుతుందనీ, ఆ పొగ పీల్చి తన అన్న ఆరోగ్యం పాడైందనీ వాళ్లలో ఒకామె చెప్పింది. కథలో పొగ ఉంది, దాన్ని పీల్చేవాళ్లు లేరు.

అందరినీ కదిలించినది మూడో కథ. 2022లో జిల్లాల విభజనతో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిన రామగిరి వైపు కొండలమీద, ఆగిపోయిన గాలిమరలను విప్పుకోవడానికి వచ్చే ఒక కుటుంబం కథ అది. స్తంభాల ఉక్కు, జనరేటర్లలోని రాగి అమ్ముడుపోతాయి. గాజుపీచును రెసిన్‌తో గట్టిపరచి చేసిన రెక్కలు మాత్రం కరిగించడానికి వీలులేక అక్కడే పడి ఉంటాయి. ఆ కుటుంబం చివరికి వాటి కిందనే గొర్రెల దొడ్డి కట్టుకుంటుంది. దీనికి మాత్రం పెద్దాయన నుంచి అభ్యంతరం రాలేదు. తూకానికి ఎవరూ తీసుకోని సరుకు ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు.

ఇప్పుడు ఆయన ఎన్.పి.కుంట (నంబులపూలకుంట) సౌర విద్యుత్ పార్కులోని ఫలకాల గురించి అడుగుతున్నారు. అల్యూమినియం చట్రం తీసుకున్నాక, బరువులో ఎక్కువ భాగమైన గాజును, దానికి అతుక్కుపోయిన పొరలను ఎవరు కొంటారన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రాంతం తెలిసినవారెవరైనా ఈ విషయంపై కథ రాసి పంపితే, వచ్చే సమావేశంలో ముందుగా దాన్నే చదువుతాము. తీగలు ఒలిచే ఆ ఇద్దరినీ ఈసారి వినడానికి పిలిచాము, వస్తామన్నారు.