తెల్లారగట్ట మొదటి పది సెకన్లు

మన ఐటీఐ మోటార్ మెకానిక్ ట్రేడులో మొదట చేతికిచ్చేది మూరెడు కర్ర. స్పానర్ల సంగతి ఆ తర్వాతే. కర్ర ఒక కొస ఇంజిన్ మీద ఆనించి, రెండో కొస చెవి ముందున్న ఎముకకు తాకించి వినాలి. చల్లారిన ఇంజిన్ స్టార్ట్ కాగానే చేసే శబ్దాన్ని బట్టి లోపం పట్టడం నేర్పాలంటే సార్ రాత్రంతా ఆపి ఉంచిన ఇంజిన్‌ను పొద్దున మొదటి పీరియడ్‌లోనే స్టార్ట్ చేయించేవారు. మధ్యాహ్నం బ్యాచ్‌కి ఆ పాఠం దక్కేది కాదు.

షెడ్డులోనూ అదే చిక్కు. బండి పదింటికి, ఐదు కిలోమీటర్లు నడిచి వస్తుంది. అప్పటికి శబ్దం మాయం. అలాంటి బండిని రాత్రికి ఉంచుకోవాల్సిందే. ఆరు నుంచి ఎనిమిది గంటలు కదలకుండా ఉండాలి. ఇలా చల్లారిన ఇంజిన్‌ను స్టార్ట్ చేయడమే 'కోల్డ్ స్టార్ట్'. ఆ మాట అనగానే చలి అనుకుంటారు. ఆదిలాబాద్ జనవరి చలికి ఆయిల్ చిక్కబడేది నిజమే కానీ, మే నెల విజయవాడలోనూ ఈ శబ్దం వస్తుంది. రాత్రికి ఇంజిన్ పై భాగంలోని ఆయిల్ అడుగున ఉండే సంప్‌లోకి దిగిపోవడమే చాలాసార్లు కారణం.

పొద్దున సెల్ఫ్ కొట్టకముందే ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూడండి. లెవెల్ కింది గీతకు దిగి ఉంటే ముందు ఆయిల్ సరిచేయాలి. ఒకరు తాళం దగ్గర, ఒకరు తెరిచిన బానెట్ దగ్గర నిలబడాలి. ఫోన్‌లో రికార్డింగ్ సెల్ఫ్ కంటే ముందే మొదలవ్వాలి. మెడలో తువ్వాలు, వేలాడే చొక్కా చేతులు ఉండకూడదు. కర్రను బెల్టుకీ ఫ్యానుకీ దూరంగా పట్టుకోవాలి.

స్టార్ట్ కాగానే రెండు మూడు సెకన్లు గలగలమని ఆగిపోతే మొదటి అనుమానం టైమింగ్ చైన్ మీద, అంటే క్రాంక్ తిరుగుడును వాల్వులు తెరిచే క్యామ్‌కు అందించే గొలుసు మీద. చాలా ఇంజిన్లలో చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. ప్రెషర్ అందేదాకా చైన్ గైడ్లకు కొట్టుకుంటుంది. ఇక్కడ తొందరపడి ఇంజిన్ ముందువైపు కవర్ విప్పేస్తారు. నా లెక్కలో అది దండగ ఖర్చు. ముందు చూడాల్సింది ఆయిల్ ఫిల్టర్. దాని లోపల ఆయిల్ వెనక్కి కారకుండా ఆపే రబ్బరు వాల్వ్ ఉంటుంది. చవక ఫిల్టర్‌లో ఆ రబ్బరు త్వరగా గట్టిపడి, ఆయిల్‌ను వదిలేస్తుంది.

పరీక్ష తేలికే. శబ్దం విన్నాక ఇంజిన్ ఆపి, పది నిమిషాలకు మళ్లీ కొట్టండి. శబ్దం రాకపోతే, మర్నాడు ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసి, ఇంజిన్ అందుకోకుండా ఐదు సెకన్లు సెల్ఫ్ తిప్పండి. లైన్లో మిగిలిన పెట్రోలుకు అందుకుంటే ఆగిపోనివ్వండి, కానీ ఆ రోజు పరీక్ష చెల్లదు. అర నిమిషం ఆగి, ఫ్యూజ్ పెట్టి స్టార్ట్ చేయండి. ఇప్పుడూ శబ్దం లేదంటే ఆయిల్ జారుతున్నట్టే. కంపెనీ ఫిల్టర్, కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్ వేయాలి. అయినా గలగల తగ్గక, స్కానర్‌లో పి0016 కోడ్ (క్రాంక్, క్యామ్ పొంతన తప్పాయని) కూడా కనిపిస్తే చైన్ సాగిందేమో చూడాలి. మార్చేటప్పుడు చైన్, టెన్షనర్, గైడ్లు, స్ప్రాకెట్లు కలిపి మార్చండి. ఆయిల్ మార్పు ఆలస్యం చేసిన 1.3 లీటర్ మల్టీజెట్ డీజిళ్లలోనూ ఇలాగే చైన్‌ను అనుమానించాలి.

డబ్‌డబ్ అని బోలుగా మోగుతూ, నాలుగైదు నిమిషాలకు వేడెక్కేకొద్దీ సన్నగిల్లితే అది పిస్టన్ బోరుకు, అంటే సిలిండర్ లోపలి గోడకు, తగులుతున్న శబ్దం. అల్యూమినియం పిస్టన్ వేడికి వ్యాకోచించి సందు పూడుస్తుంది. ఒక్కో సిలిండర్‌కు ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ కనెక్టర్ తీస్తూ వినండి. ఏది తీస్తే శబ్దం తగ్గుతుందో ఆ సిలిండరే. పెట్రోల్ బండిలో దానికి బదులు స్పార్క్ ఇచ్చే కాయిల్ కనెక్టర్ తీసేవాళ్లున్నారు. అలా తీస్తే మండని పెట్రోలు పోయి, సైలెన్సర్ గొట్టంలో పొగను శుభ్రపరిచే కన్వర్టర్ పాడవుతుంది. కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయినా ఈ పరీక్షలో శబ్దం తగ్గుతుంది. తేడా వేడిలో తెలుస్తుంది: ఆయిల్ పలచబడేకొద్దీ బేరింగ్ దెబ్బ ఇంకా స్పష్టమవుతుంది. అప్పుడు బండి నడపకుండా ఆపేయాలి. పిస్టన్ శబ్దమే అయితే, ఆయిల్ తాగనంతవరకు బోరు పనికి తొందర లేదు.

టప్పెట్ (వాల్వును కదిలించే భాగం) శబ్దం అనుకుని మోసపోయేది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టాల, లీకు దగ్గర. టిక్ టిక్ అని కొట్టి, లోహం వేడెక్కి సందు మూసుకోగానే ఆగుతుంది. గాస్కెట్ అంచున నల్ల మసి గీత చూడండి. మందపాటి గుడ్డతో సైలెన్సర్ గొట్టాన్ని ఒక్క క్షణం సగం మూస్తే ఆ టిక్ పెరుగుతుంది. కారణం తరచుగా మానిఫోల్డ్‌ను బిగించే స్టడ్డు (బోల్టు) విరగడమే.

కీచుమంటే బెల్టు. గాడుల వైపు కాస్త నీళ్లు చిలకరిస్తే చాలు: శబ్దం ఆగి మళ్లీ వస్తే పుల్లీ వరస తప్పింది, పెరిగితే బిగువు చాలదు. ఇంజిన్ అందుకున్నాక కూడా గీమని ఊళ పెడితే సెల్ఫ్ మోటారు పినియన్ (చిన్న పళ్ల చక్రం) వెనక్కి రావడం లేదు.

ఏ శబ్దానికైనా ఆయిల్ లైట్ నాలుగు సెకన్లకీ ఆరకపోతే వెంటనే ఆపి, ఆయిల్ ప్రెషర్ కొలిచే మెకానికల్ గేజ్ తగిలించాలి.

జాబ్ కార్డులో బండి ఎన్ని గంటలు నిలిచిందో, శబ్దం ఎన్ని సెకన్లుందో రాయండి. రిపేరయ్యాక మళ్లీ ఒక రాత్రి అట్టే పెట్టి, పొద్దున అవే అంకెలతో పోల్చాకే తాళం చేతికివ్వాలి.